పాడ్రే గారి ఓదార్పు

వికాస్ చనిపోయాడని అతని భార్యకు చెప్పడానికి ముగ్గురు యూనిఫాంలో వెళ్ళారు. ఒకరు రెజిమెంటును నడిపించే కల్నల్. రెండోవారు అలాంటి కొన్ని రెజిమెంట్లు కలిసిన బ్రిగేడ్ మొత్తానికి సీనియర్ చాప్లిన్ అయిన మేజర్ వీరరాఘవులు. మూడో మనిషి రెజిమెంట్ చాప్లిన్, కెప్టెన్ మధుమిత.

టొరంటోకు గంట దూరంలో ఉన్న కేంబ్రిడ్జ్‌లో ఆ వీధి మధుమితకు కొత్త కాదు. కాలేజీలు స్టూడెంట్లతో కిక్కిరిసిపోయిన ఆ ఏడు, అక్కడ స్టూడెంట్లు లేని బేస్‌మెంట్ ఒక్కటీ లేదు. ఇంటి పక్క సందులో తలుపు, తలుపు ముందు చెప్పుల గుట్ట, లోపల కుక్కర్ విజిల్. తలుపు తీసిన అమ్మాయి వికాస్ భార్య అమృత, తనూ స్టూడెంటే. చేతికి శనగపిండి అంటుకుని ఉంది. కల్నల్ టోపీ తీయడం చూసి, ఆ చెయ్యి చున్నీకి తుడుచుకుంటూ వెనక్కి ఒక అడుగు వేసింది.

కెనడా సైన్యంలో చాప్లిన్‌ను, అంటే సైనికుల మనసు బాగోగులు చూసే మతగురువును, ఏ మతం వాడినైనా పాడ్రే అనే పిలుస్తారు. పాడ్రే తుపాకీ పట్టడు. ఎవరికీ ఆర్డర్లు వెయ్యడు. సైనికుడు వచ్చి తలుపు మూసి ఏం చెప్పుకున్నా ఆ మాట గది దాటకూడదు. సీనియర్ చాప్లిన్‌కు ఇంకో బరువు కూడా ఉంటుంది. కింది చాప్లిన్లను చూసుకోవాలి, సైనికుల మనసులు ఎలా ఉన్నాయో కమాండర్‌కు చెప్పాలి, అదీ ఎవరి పేరూ ఎత్తకుండా, ఎవరి గుట్టూ విప్పకుండా. ఈ పాఠం మధుమితకు చెప్పింది వీరరాఘవులు గారే. తెనాలి నుంచి అమెరికా, అక్కడి నుంచి టొరంటో వచ్చిన మనిషి ఆయన. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి మతశాస్త్రం చదివి సైన్యంలో చేరారు. యుద్ధం జరిగేచోట సైనికులతో పాటు గుడారాల్లో పడుకున్నారు. టొరంటో ఆసుపత్రిలో రోగులకు కౌన్సెలింగ్ చేసుకుంటున్న మధుమితను చూసి, "నీలాంటి వాళ్ళు మాకు కావాలమ్మా" అని సైన్యంలోకి పిలిచింది కూడా ఆయనే. స్టూడెంట్లుగా వచ్చి శాశ్వత నివాసానికి అనుమతి, పీఆర్, తెచ్చుకున్న తెలుగు కుర్రాళ్ళు రిజర్వులో చేరడం మొదలయ్యాక, ఆయన ఉండటం వాళ్ళకు కొండంత అండ అని మధుమిత నిజంగానే అనుకునేది.

వికాస్ అలా చేరినవాడే. వారంలో ఐదు రోజులు వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు, శని ఆదివారాలు సైనికుడు. జూలైలో ఉత్తరాన ఉన్న మైదానంలో ట్రైనింగ్. ఎండలో బరువులు మోస్తూ నడిచే మార్చ్‌లో పడిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

కల్నల్ ఇంగ్లీషులో చెప్పవలసిన మాట చెప్పాడు. అమృత ఏడవలేదు. నేల మీద పరిచిన పరుపు అంచున కూర్చుని, యూనిఫాంలో ఉన్న ఇద్దరు తెలుగువాళ్ళ వైపు మార్చి మార్చి చూసింది. తర్వాత తెలుగులో అడిగింది.

"నీళ్ళు ఇచ్చిండ్రా ఆయనకు? ఎనక పడ్డోళ్ళ బాటిల్ ఆ సార్జెంట్ పారబోస్తడని పోయిన నెల చెప్పిండు నాకు. ఈసారి గూడ పారబోసిండా?"

 కల్నల్ వీరరాఘవులు వైపు వంగి, ఏమంటోంది అని అడిగాడు.

వీరరాఘవులు మెల్లగా ఇంగ్లీషులో అన్నాడు: "భర్త బాధపడ్డాడా అని అడుగుతోంది."

కల్నల్ కళ్ళు చెమర్చాయి. "లేదు, బాధ ఏమీ తెలియలేదని చెప్పండి" అన్నాడు.

వీరరాఘవులు అమృత ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "తల్లీ, ఇప్పుడు అలాంటివి తలచుకోకూడదు. నువ్వు ఇలా కలత పడితే అతని ఆత్మకు శాంతి ఉండదు. ఎవరి ఆయుష్షు ఎంత రాసిపెట్టి ఉంటే అంతే" అంటూ ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. ఆ గొంతు వెన్నలా ఉంది. 

"ఆమె నీళ్ళ సంగతి అడుగుతోంది సార్" అని మధుమిత కల్నల్‌తో ఇంగ్లీషులో అనేసింది.

కల్నల్ అర్థం కానట్టు చూశాడు. వీరరాఘవులు లేచి, "షాక్‌లో ఉంది పాపం, ఏవేవో అంటోంది" అని ఆయన్ను సందులోకి తీసుకుపోయాడు.

కారులో ఇద్దరే తిరిగి వస్తున్నప్పుడు వీరరాఘవులు మధుమితను మందలించాడు. "ఆ మాట అక్కడ అనవలసింది కాదమ్మా. భర్త పోయిన నిమిషంలో ఆ పిల్లకు కావలసింది నిజం కాదు, ఆసరా. అడగాల్సినవన్నీ మిలిటరీ పోలీసులు అడుగుతారు."

"అడిగింది ఆ అమ్మాయే కదండీ. మీరు ఆమె మాట మార్చి చెప్పారు."

"మెత్తగా చెప్పాను. ఆ తేడా నీకు ముందు ముందు తెలుస్తుంది."

కావచ్చు, అనుకుంది మధుమిత. చావు కబుర్లు ఎన్నో మోసిన మనిషి. తనకు తెలియని కరుణ ఏదో అందులో ఉందేమో అని మనసుకు సర్దిచెప్పుకోవడానికి ప్రయత్నించింది. అది సర్దుకోలేదు.

దహనం కేంబ్రిడ్జ్‌లోనే జరిగింది. జాతీయ జెండా, గౌరవ వందనం, బూట్ల చప్పుడు. వీరరాఘవులు సంస్కృత శ్లోకాలు చదివి, వాటి అర్థం ఇంగ్లీషులో చెప్పాడు. శరీరం వస్త్రం లాంటిదని, వీరుడికి చావు లేదని. కల్నల్ వచ్చి ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. తర్వాత పక్క గదిలో కాఫీ, బిస్కెట్లు. అక్కడ అమృత మధుమితను మూలకు పిలిచింది.

"అక్కా, ఒకటి అడుగుత. నేను లాయర్‌తోని మాట్లాడితే నా స్టడీ పర్మిట్ పోతదా?"

"ఎవరన్నారు?"

"ఆ పెద్దసారే. భయపెట్టలే. మంచిగనే చెప్పిండు. 'గవర్నమెంట్ తోని గొడవ పెట్టుకుంటే రేపు నీ పీఆర్‌కి ఇబ్బంది కావచ్చు తల్లీ, ఆలోచించుకో, నేను నాన్నలాంటోణ్ణి' అన్నడు. ఇంటర్వ్యూకి పోలీసులు పిలిస్తే గూడ తెలియదని చెప్పమన్నడు."

మధుమిత చేతిలోని కాఫీ కప్పు కింద పెట్టింది. "పోదు. లాయర్‌తో మాట్లాడినందుకు ఎవరి పర్మిట్టూ పోదు. నువ్వు విన్నది విన్నట్టు పోలీసులకు చెప్పు."

"మరి ఆయన దేవుని మనిషి గదా? ఎందుకట్ల చెప్తడు?"

మధుమిత తలెత్తింది. ఎదురుగా వీరరాఘవులు ఒక బిస్కెట్‌ను కాఫీలో ముంచి, అది తడిసి విరిగిపోకుండా ఒడుపుగా నోట్లో పెట్టుకుంటున్నాడు. ఆమె చూపు తిప్పుకుంది.

ఆ వారమే వంశీధర్ ఆమె ఆఫీసుకు వచ్చాడు. కడప కుర్రాడు, టొరంటో పడమటి అంచున ఎటోబికోలో ఉంటాడు. ఎయిర్‌పోర్టు దగ్గర కార్గో పని చేస్తాడు. వికాస్, అతను ఒకే సెక్షన్, పదిమంది ఉండే ఒకే జట్టు. తలుపు మూసుకుని కూర్చుని, గోడ మీది మ్యాప్ వైపు చూస్తూ మాట్లాడాడు.

"నేను చూసినానక్కా" అన్నాడు. "వాడు నీళ్ళడిగినాడు. సార్జెంట్ వాని బాటిల్ తీసుకుని మూత విప్పి, మా అందరి ముందర నేల మీద వంచేసినాడు. 'ముందున్నోళ్ళను అందుకో, అప్పుడు తాగుదువు' అన్నాడు. వాడు నవ్వినాడక్కా. మన వాళ్ళు ఏం చెయ్యాలో తెలీకుంటే నవ్వుతారు చూడు, అట్లా. నా బాటిల్ ఇయ్యబోతే సార్జెంట్ నా వైపు చూసినాడు. నేను చెయ్యి ఎనక్కి తీసుకున్యా."

అక్కడ ఆగిపోయాడు.  అతని ఊపిరి సర్దుకున్నాక మధుమిత అడిగింది.

"ఇది పోలీసులకు చెప్పావా వంశీ?"

"ఎట్ల చెప్పేది? ముందు వీరరాఘవులు సార్ దగ్గరకు పోయినా. పండగలప్పుడు ఆయన కాళ్ళకు మొక్కినోణ్ణి. అన్నీ చెప్పినా. 'గుళ్ళో చెప్పినట్టే అనుకో నాయనా, ఇది మనిద్దరి మధ్యే ఉంటాది' అన్నాడు. ఏడ్సినాడు కూడా. మర్సటి వారం డ్రిల్లుకి పోతే కల్నల్ మాట మాకు చెప్పే సార్జెంట్ మేజర్ నన్ను పక్కకు పిలిచినాడు. 'నీకు మనసు బాగా లేదని, జరగనివి జరిగినట్టు అనిపిస్తున్నాయని పాడ్రే చెప్పినాడు. ముందు డాక్టర్‌కి చూపించుకో. బాగయ్యేదాకా పోలీసులతో మాట్లాడాల్సిన పని లేదు' అన్నాడు. బాటిల్ మాట నేను ఇంకెవ్వరికీ చెప్పలేదక్కా. ఆయనకొక్కడికే చెప్పినా."

వంశీధర్ లేచాడు. "మీకు కూడా ఎందుకు చెప్పినానో తెలీదు. మీరూ ఆయన మనిషే కదా."

"నువ్వు ఒప్పుకోనిదే ఇందులో ఒక్క అక్షరం బయటకు రాదు" అంది మధుమిత. ఆ మాట తన నోటి నుంచి వస్తుంటేనే, ఇదే మాట ఇదే మెత్తదనంతో ఆయనా చెప్పి ఉంటాడని తోచి ఆమెకు సిగ్గేసింది. "అయితే నీ పేరు ఎత్తకుండా, నువ్వు చెప్పినదాని గురించి ఆయన్నే అడగాలని ఉంది. అడగనా?"

"అడగండి. ఆయనకు తెలిసిందే కదా."

వీరరాఘవులు టొరంటోలోనే నార్త్ యార్క్‌లో, సబ్‌వే స్టేషన్‌కు ఎదురుగా ఉన్న కాండో ఫ్లాట్‌లో ఉంటాడు. ఆదివారం మధ్యాహ్నం మధుమిత వెళ్ళేసరికి డైనింగ్ టేబుల్ మీద న్యూస్‌పేపర్ పరిచి మామిడిపళ్ళు తింటున్నాడు. ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన పెట్టె పక్కనే ఉంది. కూర్చోమని, ఆమెకూ ఒక పండు తోశాడు.

"సార్, అమృతకు స్టడీ పర్మిట్ పోతుందని చెప్పారా?"

"పోతుందనలేదు. ఇబ్బంది కావచ్చన్నాను." ఆయన టెంకను రెండు చేతులా పట్టి చీకాడు. రసం మణికట్టు దాకా కారింది. "మన పిల్లలమ్మా వాళ్ళు. దేశం కాని దేశంలో లాయర్ల చేతిలో పడితే నలిగిపోతారు."

"ఒక సైనికుడు తలుపు మూసుకుని మీతో చెప్పుకున్నది కల్నల్ దాకా ఎలా వెళ్ళింది?"

టెంక పేపర్ మీద పెట్టాడు. కోపం రాలేదు. అలసిపోయిన తండ్రిలా నిట్టూర్చాడు.

"కల్నల్‌కు సలహా ఇవ్వడం నా డ్యూటీ. ఒక కుర్రాడు కుంగిపోయి ఉన్నాడు, వైద్యం కావాలి అన్నాను. అతని మంచికే."

"జరగనివి జరిగినట్టు అనిపిస్తున్నాయని చెప్పారు. మీకు నిజంగా అలా అనిపించిందా? అతను అబద్ధం చెబుతున్నాడనిపించిందా?"

ఆయన కిటికీ వైపు చూశాడు. "లేదు" అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. "నిజమే చెప్పాడు. ఆ సార్జెంట్ అలాంటివాడే. కాని మధూ, నువ్వు కాస్త ముందుకు చూడు. ఈ ఏడు ఒట్టావా హెడ్‌క్వార్టర్స్‌లో, చాప్లిన్ల మీద పెద్ద పోస్టు ఖాళీ అవుతోంది. అంత ఎత్తుకు మన మతం వాళ్ళెవరూ వెళ్ళలేదు. నేను అక్కడ కూర్చుంటే ఎంతమంది మన పిల్లలకు మేలు జరుగుతుందో ఆలోచించు. కల్నల్ రికమెండేషన్ లేకుండా అది రాదు. పోయినవాడు ఎలాగూ తిరిగి రాడు. ఒక రెజిమెంట్ పరువు తీసి, ఒక కుర్రాడి కెరీర్ పాడుచేసి, ఒక ఆడపిల్లను కోర్టుల చుట్టూ తిప్పి ఏం సాధిస్తావు?"

"ఆ కుర్రాడు మీ ముందు అన్నీ చెప్పుకున్నాడు. మీరు ఏడ్చారట."

"ఏడ్చాను. అది నటన కాదు."

మధుమిత అన్నిటికంటే భరించలేకపోయింది ఆ మాటనే. నటన అయితే బాగుండేది. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, అదే చేత్తో ఫోన్ తీసి కల్నల్‌కు చేశాడు. రెండూ మనస్ఫూర్తిగానే చేశాడు. ఆయన ముందు కుప్పపడిన తొక్కలు, పసుపు పీచు చుట్టుకున్న టెంకలు, గడ్డం మీద ఎండిపోతున్న రసం చూస్తూ కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. లేచింది.

"పండు తినలేదేమ్మా?"

"నేను మీ మీద కంప్లైంట్ పెడుతున్నానండీ. వెనక నుంచి చెయ్యడం ఇష్టం లేక చెబుతున్నాను."

ఆయన ముఖంలో మొదటిసారి మెత్తదనం పోయింది. "నిన్ను తెచ్చింది ఎవరో మరిచిపోకు" అన్నాడు.

"మరిచిపోలేదు. మిమ్మల్ని చూసి చేరానని ఇన్నాళ్ళూ అందరికీ గర్వంగా చెప్పుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే అసహ్యంగా ఉంది."

 కింద లాబీలో వాష్‌రూమ్ వెతుక్కుని చేతులు కడుక్కుంది. ఆ ఇంట్లో ఆమె దేన్నీ ముట్టుకోలేదు, అయినా సబ్బు రాసి మళ్ళీ కడిగింది.

వంశీధర్ నోరు విప్పనిదే సార్జెంట్ సంగతి తేలదు. అతన్ని బలవంతపెట్టే హక్కు మధుమితకు లేదు. సెక్షన్‌లో మిగిలినవాళ్ళంతా పోలీసులకు చూడలేదనే చెప్పారు. వంశీధర్‌ను ఒప్పించాలని ఆమె ప్రయత్నించలేదు. మంచి లాయర్ పేరు ఒకటి, సైన్యంతో సంబంధం లేని కౌన్సెలర్ పేరు ఒకటి ఇచ్చి ఊరుకుంది.

అతన్ని కదిలించింది అమృత. వికాస్ ఫోన్‌లో వంశీధర్ నంబర్ చూసి తనే ఫోన్ చేసింది. ఒక్కతే వెళ్ళలేనంటే మధుమిత మామూలు బట్టల్లో తోడు వెళ్ళింది. ఎటోబికోలో వంశీధర్ ఉండే బిల్డింగ్ కింద బెంచీ మీద ముగ్గురూ కూర్చున్నారు. నెత్తి మీంచి విమానాలు పోతున్నాయి.

"అన్నా, నువ్వు ఎవరికీ చెప్పకు, నీ ఇష్టం" అంది అమృత. "నాకొక్కదానికి చెప్పు. అందరూ నాకు ఆత్మ సంగతి చెప్తున్నరు. ఆయన సంగతి ఎవరూ చెప్తలేరు. నీళ్ళు లేక దూపతోనే పోయిండా?"

వంశీధర్ చెప్పాడు. బాటిల్ వంచడం, వికాస్ నవ్వడం, తను చెయ్యి వెనక్కి తీసుకోవడం అన్నీ చెప్పాడు. అమృత చివరిదాకా విన్నది. అతను తల వంచుకుని, "ఇచ్చుంటే బతికేటోడేమో" అన్నప్పుడు మాత్రం, "నువ్వు ఇయ్యాలని అనుకున్నవ్ గదా" అంది. అప్పుడు, భర్త పోయినప్పటి నుంచి మొదటిసారి, గట్టిగా ఏడ్చింది. అటు పోయేవాళ్ళు ఆగి చూశారు. మధుమిత ఒక్క ఓదార్పు మాట అనలేదు. 

మర్నాడు వంశీధర్ తనంత తానే మిలిటరీ పోలీసుల దగ్గరకు వెళ్ళి వాఙ్మూలం ఇచ్చాడు. అతను చెప్పాడని తెలిశాక సెక్షన్‌లో ఇంకో ఇద్దరు, తెల్ల కుర్రాళ్ళే, తమకూ గుర్తొచ్చిందంటూ ముందుకు వచ్చారు.

విచారణ చలికాలం దాటి సాగింది. సార్జెంట్‌ను మిలిటరీ కోర్టులో నిలబెట్టారు. శిక్ష పడింది, సైన్యం నుంచి పంపేశారు. కల్నల్‌ను ఇంకో చోటుకు బదిలీ చేశారు. నీళ్ళు ఇవ్వకపోవడం వల్లే పరిస్థితి విషమించిందని విచారణలో తేలింది. ఆ మాటను అమృతకు చెప్పింది, సూటు వేసుకున్న ఒక కొత్త ఆఫీసరు.

వీరరాఘవులు మీద మధుమిత పెట్టిన కంప్లైంట్ వేరే దారి పట్టింది. ముగ్గురు పెద్ద చాప్లిన్లు ఆమెను కూర్చోబెట్టి మర్యాదగా ప్రశ్నలు అడిగారు. అందరి గొంతులూ మెత్తగానే ఉన్నాయి. సదుద్దేశంతో చేసిన పొరపాటు అన్నారు. ఒట్టావా పోస్టు ఆయనకు రాలేదు, కాని శిక్ష కూడా ఏమీ పడలేదు. ముందుగా రిటైర్ కావడానికి ఒప్పుకున్నాడు. రెజిమెంట్ వాళ్ళు కేక్ కోయించారు. ఆయన సేవల గురించి ఒక పొడుగాటి ప్రసంగం జరిగింది. ఆ సభను ప్రార్థనతో మొదలుపెట్టమని మధుమితకు కబురొస్తే రానని చెప్పింది. ఎటోబికోలో తెలుగు సంఘం వాళ్ళు హాలు తీసుకుని శాలువా కప్పారు. ఆ ఫొటోలు వాట్సాప్‌లో తిరిగాయి. ఒక ఫొటోలో ఆయన ఎవరో కొత్త స్టూడెంట్ తల మీద చెయ్యి పెట్టి దీవిస్తున్నాడు. మధుమిత ఫోన్ బోర్లా పెట్టేసింది.

తెలుగువాళ్ళలో ఆమె పేరు చెడింది. మనవాణ్ణి మన మనిషే కిందికి లాగిందన్నారు కొందరు. వంశీధర్ రిజర్వు మానేసి కార్గో కంపెనీలోనే సూపర్‌వైజర్ అయ్యాడు. మధుమిత మాత్రం మానలేదు. మానేస్తే ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో అన్న భయం ఆమెను అక్కడే ఉంచింది. అంతకు మించి ఉద్యోగం మీద ఇష్టం ఏమీ మిగల్లేదు.

అమృత చదువు పూర్తిచేసి ఫార్మసీలో పనికి చేరింది. ఒకరోజు మధుమిత డ్యూటీ నుంచి యూనిఫాంలోనే వెళ్ళి, షిఫ్ట్ అయ్యేదాకా ఉండి, కాఫీకి తీసుకెళ్ళింది. కొత్త రూమ్ గురించి, పనిలో మంచి మేనేజర్ గురించి అమృత కాసేపు చెప్పింది. తర్వాత కప్పు పక్కకు జరిపింది.

"అక్కా, మీరు లేకుంటే నాకు నిజం తెలియకపోతుండె. అది నేను మరువ. కాని ఒక మాట అంటే ఏమనుకోవద్దు."

"చెప్పు."

"ఈ బట్టలు చూస్తే నాకు ఆ రోజే యాదికొస్తది. మీరు మంచోళ్ళే. ఆయన గూడ అప్పుడు మంచిగనే మాట్లాడిండు గదా. ఎవరు మంచిగ మాట్లాడినా ఇప్పుడు నాకు భయమైతుంది. మళ్ళ రాకుండ్రి అక్కా."

మధుమిత సరేనంది. చెయ్యి పట్టుకోబోయి, ఆగి, బ్యాగ్ తీసుకుని లేచింది. బయట సన్నగా వాన పడుతోంది. కారు దాకా నడుస్తూ, ఆ పిల్ల అన్నదాంట్లో ఒక్క తప్పు మాటైనా ఉందా అని వెతుక్కుంది. కనపడలేదు.